ఒడియా చదవడం రాని అమ్మ పిల్లలకి ఏం చెప్పగలదు?

(2021లో, కరోనా వల్ల చిన్న తరగతుల బడులు ఇంకా మూసి ఉన్న రోజుల్లో వచ్చిన ఉత్తరం, దానికి జవాబు.)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. నేను పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెలో. పదో తరగతి వరకు తెలుగులోనే చదివాను. పెళ్ళయి ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. ఒడియా మాట్లాడతాను గానీ చదవడం, రాయడం రాదు. మా ఆయన సెంట్రింగ్ పనికి వెళ్తారు. ఇంట్లో పెద్ద ఫోన్ ఒకటే, అది ఆయన దగ్గరే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి ఆయన ఇంటికొస్తేనే మా చేతికి దొరుకుతుంది. పాప ఒడియా మీడియంలో నాలుగో తరగతి. రెండో తరగతి చివర్లో ఉండగా బడి మూతపడింది. బాబుని ఆ ఏడే ఒకటిలో వేశాం. ఇప్పుడు రెండు అంటున్నారు, కానీ ఇంతవరకు క్లాసులో కూర్చున్నదే లేదు. వాట్సాప్‌లో మాస్టారు పెట్టినవన్నీ పాప నోట్సులోకి దించేస్తుంది. మొన్న తను రాసిన పేజీనే చదవమంటే చదవలేక ఏడ్చింది. బాబు అయితే పుస్తకం తీస్తే చాలు, మంచం కిందికి దూరిపోతాడు. "నీకేం రాదు కాబట్టే వీళ్ళిలా అయ్యారు" అంటారు మా ఆయన. అప్పు చేసి ఇంకో ఫోన్ కొనమంటారా? లేకపోతే సరిహద్దు అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో తెలుగు బడిలో వేసెయ్యమంటారా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పేరు వెయ్యకండి.

సమాధానం: అమ్మా, ముందుగా మీవారు అన్న మాట గురించి చెప్తాను. అది నిజం కాదు. మీ ఇంట్లో జరిగిందే దేశంలో కోట్ల ఇళ్ళలో జరిగింది. 2021 ఆగస్టులో ఒక సర్వేవాళ్ళు ఒడిశాతో కలిపి 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 పేద కుటుంబాలని కలిసి పిల్లల చదువు గురించి అడిగారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్న పిల్లలు నూటికి 8 మంది. అసలు ఏ చదువూ లేకుండా ఉన్నవాళ్ళు 37 మంది. మీకు ఒడియా రాకపోవడం వల్ల ఇదంతా రాలేదు. ఏడాదిన్నర పాటు బడి తలుపు తెరుచుకోలేదు, అందుకు వచ్చింది. ఈ ముక్క మీవారికి కూడా చదివి వినిపించండి.

ఫోన్ సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. అదే సర్వేలో, పెద్ద ఫోన్ ఉన్న పల్లె ఇళ్ళలో కూడా క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగుతున్న పిల్లలు నూటికి 15 మందే. దానికి ముఖ్యమైన కారణం మీరు రాసిందే, ఫోన్ పనికి వెళ్ళే మనిషితో పోతుంది. రెండో ఫోన్ కొంటే ఆ ఇబ్బంది తీరుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. కానీ మీ పాప పేజీకి పేజీ దించుతోందంటే మాస్టారి మెసేజీలు అందుతున్నట్టే. అందినదాన్ని చదవడానికి పక్కన మనిషి లేరు, తక్కువైంది అదొక్కటే. దానికి ఫోన్ మీద ఫోన్ కొన్నా లాభం లేదు. అప్పు చెయ్యకండి. రాత్రి ఫోన్ ఇంటికొచ్చాక పది నిమిషాలు తీసుకుని, ఆరోజు మాస్టారు పెట్టిన పాఠం పేరు, పేజీ నంబరు పాప చేత ఒక కాగితం మీద రాయించుకోండి. మిగతాది మర్నాడు పుస్తకంలో చూసుకోవచ్చు. ఇంట్లో పాత రేడియో ఉంటే ఆకాశవాణిలో ఒడియాలో వచ్చే రేడియో పాఠశాల పెట్టండి. చేతిలో పని చేసుకుంటూ మీరూ వినొచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ఒడియా రాదని చెప్తూ, వెంటనే తెలుగు వచ్చని కూడా రాశారు. ఆ రెండో మాట నాకు చాలా పెద్దది. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నేను ముప్ఫై ఏళ్ళ పైన ఒడియా మీడియం బడుల్లో పాఠాలు చెప్పాను. మా ఇంట్లో తెలుగే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెలుగమ్మాయి రెండో తరగతికి వచ్చింది. క్లాసులో నోరు విప్పేది కాదు. వాళ్ళమ్మని పిలిపించి, "ఇంట్లో తెలుగు మానెయ్యండి, ఒడియాలోనే మాట్లాడండి" అని గట్టిగా చెప్పాను. ఆవిడ పాపం వచ్చీరాని ఒడియాలో మొదలుపెట్టింది. "తిను, పడుకో, రా, పో" తప్ప ఇంకో మాట లేదు ఆ ఇంట్లో. కథ పోయింది, కబురు పోయింది, ఎందుకని అడగడం పోయింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించేసిందని తల్లి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్లకి ఒడియా రాలేదు సరికదా, ఉన్న మాట కూడా పోయింది. ఆ తల్లి ముఖం నాకిప్పటికీ గుర్తే. అందుకే మీకు చెప్తున్నాను, మీ ఇంట్లో తెలుగు ఆపకండి. మామ్మ ఉంటే ఆవిడ చేత తెలుగులోనే కథలు చెప్పించండి.

ఈ మాట మీ ఊళ్ళో ఎప్పుడో చెప్పినవారు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పక్క కొండల్లోని సవర గిరిజనుల పిల్లలకి చదువు అందాలంటే వాళ్ళ మాటలోనే చెప్పాలని ఆయన సవర భాష నేర్చుకున్నారు, సవరలో వాచకాలు రాశారు, వాళ్ళకోసం బడులు పెట్టారు. మొన్న ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని అందరం ఆయన్ని తలుచుకున్నాం. నాకు మాత్రం దండ వేసిన ఫొటో కన్నా, ఒక పంతులు పిల్లల మాట నేర్చుకోవడానికి కూర్చున్న దృశ్యమే కళ్ళ ముందుకొస్తుంది.

మీరు చెయ్యాల్సింది కూడా అదేనమ్మా. రేపటి నుంచి మీరు మీ పాప దగ్గర ఒడియా నేర్చుకోండి.

సరదాకి అనడం లేదు. నిజంగానే కూర్చోండి. పలక, బలపం మీ చేతిలో ఉండాలి. పాప టీచరు. పక్కన బాబు ఉంటాడు, కానీ వాడిని రమ్మని పిలవకండి. "నాకు రాదే, నేర్పవే" అని పాపని అడగండి. చదవలేక ఏడ్చిన పిల్లకి తనకన్నా తక్కువ తెలిసిన మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటే ఎంత బలం వస్తుందో మీరే చూస్తారు. నేర్పాలంటే తను ముందు గుర్తు తెచ్చుకోవాలి. మరిచిపోయిన అక్షరం దగ్గర ఆగుతుంది, పుస్తకం తిరగేస్తుంది, వెతుక్కుంటుంది. మీరు పక్కన నిలబడి "చదువు చదువు" అంటే జరగని పని అది.

మీకు ఇది అనుకున్నంత కష్టం కాదు. మన అఆఇఈ, వాళ్ళ అఆఇఈ ఒకటే. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ, అదే వరస. గుణింతాల పద్ధతీ అదే, ఒత్తుల పద్ధతీ అదే. మన ళ, ణ వాళ్ళకీ ఉన్నాయి. కృష్ణ అనే మాటని మనలాగే క్రుష్ణ అంటారు. మన పొట్టి ఎ, పొట్టి ఒ మాత్రం వాళ్ళకి లేవు, కాబట్టి నేర్చుకోవాల్సినవి ఇంకా తగ్గాయి. వరస మీకు కంఠతా వచ్చు గనక మీరు పట్టుకోవాల్సింది ఆకారం ఒక్కటే. రోజుకి రెండక్షరాల చొప్పున నెల తిరగకుండా అయిపోతాయి. ఒడిశాలో ఏ చిన్న పుస్తకాల షాపులో అడిగినా వర్ణబోధ అనే అక్షరాల పుస్తకం దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి.

తికమక పెట్టేవి మూడున్నాయి, ముందే చెప్తాను. ఒకటి, చాలా ఒడియా అక్షరాలకి నెత్తిన గుండ్రటి గొడుగు ఉంటుంది. మన తలకట్టులాంటిదే అనుకోండి. కొత్తవాళ్ళు గొడుగునే చూస్తారు, అప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గొడుగు వదిలేసి దాని కింద ఏముందో చూడటం అలవాటు చేసుకోవాలి. రెండు, ఏత్వం మనకి అక్షరం నెత్తిన కూర్చుంటుంది, ఒడియాలో అక్షరానికి ముందు, ఎడమ పక్కన వస్తుంది. కే అని చదవాలంటే కళ్ళకి ముందు ఏత్వం, తర్వాత క తగులుతాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రాతలో అకారం ఉన్నచోట ఒడియావాళ్ళ నోట ఒకారం లాంటి ధ్వని పలుకుతుంది. ఘర అని రాసి ఘొరొ అంటారు. గఛ అని రాసి గొఛొ అంటారు. ఫుల అని రాసి ఫులొ అంటారు. తెలుగింటి పిల్లలు అక్షరం చూసి ఘర అని చదివితే ఎవరో నవ్వుతారు, అంతటితో పిల్ల నోరు మూసుకుంటుంది. ఈ తేడా మీ పాపకి ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. మీరు మాట్లాడే ఒడియాలో గొఛొ అనే అంటున్నారు కదా, రాతని మాటతో కలిపి చూపించడం మీ ఇద్దరూ కలిసి చెయ్యగల పని. "చూడవే, రాసేది ఇలాగ, అనేది అలాగ" అని ఒక్కసారి తెలిస్తే చాలా ముడులు విడిపోతాయి.

పాప చేస్తున్న ఒక పని మీరు మాన్పించాలి. దించడం. ఏమీ అర్థం కాకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు నింపిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. నోట్సు చూసి ఇంట్లో అందరం సంతోషపడతాం, పిల్లకి మాత్రం అది బొమ్మ గీయడంతో సమానం. మాస్టారికి ఫొటో పంపాలి కాబట్టి రాస్తోంది. మాస్టారితో ఫోన్లో మాట్లాడి నిజం చెప్పండి: "సార్, నాలుగో తరగతి పాఠం అందడం లేదు, రెండో తరగతి పుస్తకం నుంచి చదివిస్తున్నాను, కొన్నాళ్ళు ఓపిక పట్టండి" అనండి. మంచి మాస్టారైతే సంతోషిస్తారు. కోప్పడితే ఆ కోపం మీరు కాయండి, పిల్లదాకా రానివ్వకండి.

అవును, రెండో తరగతి పుస్తకమే. పరువు తక్కువ అనుకోకండి. 2021 జనవరిలో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంవారు మన పక్క ఛత్తీస్‌గఢ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో 16,000 మందికి పైగా పిల్లల్ని చూశారు. రెండు నుంచి ఆరో తరగతి వరకు నూటికి 92 మంది, బడి మూసేనాటికి వచ్చిన ఏదో ఒక భాషా నైపుణ్యాన్ని పోగొట్టుకున్నారు. అందులో చదవడం, రాయడమే కాదు, ఒక బొమ్మని చూసి నోటితో నాలుగు మాటలు చెప్పడం కూడా ఉంది. పోయిన మెట్టు దగ్గర నుంచే మళ్ళీ ఎక్కాలి. పై మెట్టు మీద నిలబెట్టి ఎక్కమంటే ఎవరు మాత్రం ఎక్కగలరు?

చదివించే తీరు చెప్తాను. రోజుకి అరగంట చాలు, కానీ రోజూ ఒకే వేళకి. పొయ్యి మీద అన్నం ఉడికే వేళ బాగుంటుంది, మీరు ఎలాగూ కదలరు. పాప ఒక పేరా పైకి చదవాలి. తడుముకుంటే మధ్యలో అందుకోకండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు వెళ్ళమనండి. అయ్యాక పుస్తకం మూసి, "ఏం జరిగిందో నాకు చెప్పు" అనండి. తెలుగులో చెప్పనివ్వండి. అర్థమైందో లేదో అక్కడ తెలిసిపోతుంది. మర్నాడు అదే పేరా మళ్ళీ. మూడో రోజు కూడా అదే. మూడో రోజుకి గడగడా చదివేస్తుంది. ఆ రోజు నాన్నకి వినిపించాలి, అప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినడం ఆయన పని. ఆయనకి ఇంత చిన్న పని ఒకటి అప్పజెప్పండి. చెప్పాల్సినవి ఏమీ లేవు, వినడమే.

బాబు గురించి మీరు ఎక్కువ బెంగ పడుతున్నారు. నాకు తక్కువ బెంగ ఉన్నది వాడి మీదే. వాడు ఏమీ మరిచిపోలేదు, ఎందుకంటే వాడికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. మంచం కిందికి దూరుతున్నాడంటే వాడి బుర్రలో పుస్తకమంటే అక్క ఏడుపు, నాన్న అరుపు. కొన్నాళ్ళు వాడి ముందు పుస్తకం తియ్యకండి. మీరూ పాపా నేలమీద కూర్చుని సుద్దముక్కతో అక్షరాలు దిద్దుతుంటే మంచం కింద నుంచే చూస్తాడు. రెండు రోజులకి తల బయటికి పెడతాడు. నాలుగో రోజు, "అమ్మా, అది అలా కాదు" అంటాడు. అప్పుడు కూడా పొంగిపోయి పలక చేతిలో పెట్టెయ్యకండి. "అవునా, మరి ఎలాగ?" అనండి చాలు.

ఒడియావాళ్ళు పిల్లాడి చేత మొదట సుద్ద పట్టించేటప్పుడు అక్షరం రాయించరు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వర అంటూ మూడు సున్నాలు దిద్దిస్తారు. ఖడి ఛుఆఁ అంటారు ఆ వేడుకని, మన అక్షరాభ్యాసం లాంటిది. అందులో గొప్ప కిటుకు ఉంది. ఒడియా, తెలుగు రెండూ తాటాకు మీద గంటంతో రాసిన లిపులు, రెండూ గుండ్రం. సున్నా బాగా చుట్టిన చెయ్యికి ఏ అక్షరమైనా లొంగుతుంది. మీ వాడి చేత అక్షరాల కన్నా ముందు సున్నాలు చుట్టించండి, పెద్దవి, చిన్నవి, గొలుసుగా, వాకిట్లో పుల్లతో, తడి గోడ మీద వేలితో. పాప ముగ్గు వేస్తుంటే చుక్కలు వాడి చేత పెట్టించండి. మధ్యలో 7 చుక్కలు, రెండు పక్కలా 5, 3, 1 తగ్గించుకుంటూ వస్తే మొత్తం ఎన్నో లెక్కపెట్టమనండి. 25 అని వాడు చెప్పేదాకా ఆగండి.

బయటికి వెళ్ళినప్పుడు రాతని వేటాడమనండి. పాల ప్యాకెట్ మీద, కిరాణా షాపు బోర్డు మీద, బస్సు నుదుటి మీద. మీ పుట్టింటికి వెళ్ళే రైలు గుర్తుంది కదా, పాతపట్నం స్టేషన్ బోర్డు మీద తెలుగు ఉంటుంది, సరిహద్దు దాటి పర్లాకిమిడి రాగానే ఒడియా కనిపిస్తుంది. ఒకే పట్టాల మీద రెండు లిపులు చూస్తూ పెరిగే అవకాశం ఎంతమంది పిల్లలకి ఉంటుంది? ఈసారి వెళ్ళినప్పుడు వాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి రెండు బోర్డులూ చూపించండి.

లెక్కల దగ్గర మీరు అస్సలు వెనక్కి తగ్గాల్సిన పని లేదు. పుస్తకంలో ఒడియా అంకెలు ఉంటాయి, పది గుర్తులు, ఒక్క పూటలో వచ్చేస్తాయి. అవి చెప్పే పేర్లే పిల్లల్ని ఇబ్బంది పెడతాయి. మనకి ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది. విడదీసినట్టే ఉంటుంది. ఒడియాలో అణతిరిశి, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అన్న అర్థం. పెద్ద సంఖ్యల పేర్లన్నీ విడివిడిగా నోటికి రావాల్సిందే. తెలుగింటి పిల్ల ఆ పేరు గుర్తుకురాక ఆగిపోతే, లెక్క రాలేదని మనం అనుకుంటాం. కాబట్టి కూడికలు, తీసివేతలు తెలుగులో చేయించండి. జవాబు వచ్చాక, "దీన్ని ఒడియాలో ఏమంటారే?" అని అడగండి. ఎక్కాలని వాళ్ళు పణికియా అంటారు, అవి మాత్రం ఒడియాలోనే పాడించండి. బడిలో అందరితో కలిసి గొంతు కలపాలి కదా.

పిల్లలకి బడి నుంచి మధ్యాహ్న భోజనం బియ్యం ఇస్తున్నారుగా. ఆ సంచీ ఇంటికి తెచ్చిన రోజే లెక్కల పాఠం. ప్రాథమిక బడి పిల్లలకి రోజుకి 100 గ్రాముల లెక్క. షాపులో తూయించి, ఎన్ని కిలోలు వచ్చాయో చెప్పి, ఇది ఎన్ని రోజుల తిండో పాపని తేల్చమనండి. కిలోకి పది రోజులు అని తనే కనిపెట్టాలి. మీ అత్తగారికి పాత కొలతలు తెలిసే ఉంటాయి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికలో సోల ఎన్నో వంతు? గిద్ద ఎన్నో వంతు? నాలుగో తరగతి భిన్నాల పాఠం మొత్తం ఆ ఒక్క డబ్బాలో ఉంది. గ్లాసుతో బియ్యం పోసి చూపించండి, సగం, పావు, అరపావు. నల్లబల్ల మీద నేను వారం రోజులు గీసి చెప్పినా ఇంత బాగా పట్టేది కాదు.

పాతపట్నం బడి గురించి అడిగారు. ఇప్పుడు ఆ నిర్ణయం తీసుకోకండి. తెలుగులో చదివించడం తప్పని నేను అనను, నా మనసుకీ అదే ఇష్టం. కానీ మీరు ఉంటున్నది ఒడిశాలో. రేపు ఇక్కడి కాలేజీకైనా, ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగానికైనా ఒడియా చదవడం, రాయడం రావాలి. పైగా పాప రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న లిపిని వదిలించి, మళ్ళీ మొదటి అక్షరం నుంచి ఇంకోటి మొదలుపెట్టించాలి. లాక్‌డౌన్‌లో సరిహద్దు దగ్గర చెక్‌పోస్టు పెట్టి ఆపేసిన రోజులు మీరూ చూశారు. అలాంటిది మళ్ళీ వస్తే పిల్లలు ఆ పక్క బడికి ఎలా వెళ్తారు? బడి తెరిచాక ఆరునెలలు చూడండి. అప్పటికీ పిల్లలు కుదురుకోకపోతే మళ్ళీ రాయండి, ఆలోచిద్దాం. ఈలోపు తెలుగు అక్షరాలు ఇంట్లో మీరే నేర్పండి. ఒడియా అక్షరాల్లో కాస్త చెయ్యి తిరిగాక మొదలుపెట్టండి, రెండూ ఒకేసారి వద్దు. వరస ఒకటే గనక రెండోది చాలా తొందరగా వస్తుంది.

ఒక జాగ్రత్త. చదువు పేరుతో పిల్లల్ని రోజంతా కూర్చోబెట్టకండి. బాబుకి ఒక్క దఫాలో పదిహేను నిమిషాలు మించితే వాడి బుర్ర వాకిట్లోకి పోతుంది. ఆటలు ఆడనివ్వండి. ఈ ఏడాదిన్నరలో వాళ్ళు విన్నదంతా అంబులెన్సు, ఆక్సిజన్, చావు కబుర్లు. రాత్రి పడుకునే ముందు "ఇవాళ నీకు ఏం బాగుంది, ఏది భయమేసింది" అని ఇద్దర్నీ అడగండి. జవాబు చెప్పకపోయినా అడగండి. మీరు కూడా ఒకటి చెప్పండి. అది కూడా భాషా పాఠమే, నాలుగు వాక్యాలు వరసగా చెప్పడం అక్కడే వస్తుంది.

ఇప్పుడు పెద్ద తరగతులు తెరుస్తున్నారు. చిన్నవాళ్ళ వంతు కూడా వస్తుంది. ఆ మొదటి రోజు పిల్లల్ని గేటు దగ్గర దింపేసి వచ్చెయ్యకండి. మాస్క్ పెట్టుకుని లోపలికి వెళ్ళి మాస్టారిని కలవండి. బాబు గురించి మూడు మాటలు చెప్పండి. "వీడు క్లాసులో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఒడియా వింటే అర్థమవుతుంది, మాట్లాడటానికి కొంచెం టైం పడుతుంది. అక్షరాలు ఇక్కడి దాకా వచ్చాయి" అని, వాడు దిద్దిన పలక చూపించండి. ముందు బల్లలో కూర్చోబెట్టమని అడగండి. పాప దగ్గర నేర్చుకుంటూ మీరు రాసిన ఒడియా నోట్సు కూడా పట్టుకెళ్ళండి. మీ పేరు ఒడియాలో మీ చేత్తో రాసి ఉంటుంది కదా అందులో. బడిలో ఎక్కడైనా సంతకం చెయ్యమంటే, అదే సంతకం పెట్టండి.